తోకలో రెండో రేకు

నాన్‌చాంగ్
1958 ఏప్రిల్, పిచ్చుకల గొడవ సద్దుమణిగాక

ఒరే రాయీ,

విమానాలు నడిపే మగాడిని ఇంకా ఆ పేరుతోనే పిలుస్తావేమిటని ముఖం మాడ్చుకోకు. పుట్టినప్పుడు నువ్వు దక్కవని అందరూ అంటే, ఏ దయ్యం కన్నూ పడకూడదని అమ్మ నీకు ఆ ముద్దుపేరు పెట్టింది. రాయి అయితే నేలమీద పడి ఉంటుందని ఆమె ఆశ. నువ్వేమో గాల్లోకి ఎగిరావు. అమ్మ అది చూడకుండానే పోయింది. ఆ భయం ఇప్పుడు నా వంతుకి వచ్చింది.

ఈ ఉత్తరం లావ్ పాన్ చేతికి ఇస్తున్నాను. మా దగ్గరి నుంచి మీ దగ్గరికి వెళ్ళే విడిభాగాల పెట్టెలకి రైల్లో కాపలా ఆయనే. పోస్టులో అయితే పని మాట ఎత్తకూడదు, ఊరగాయ సంగతులే రాసుకోవాలి. ఈయన సంచీలో అయితే నోరారా మాట్లాడుకోవచ్చు. అన్నట్టు ఊరగాయ కూడా పంపుతున్నాను. ముల్లంగి ఎండబెట్టి మిరపకాయలు బాగా దట్టించాను. లావ్ పాన్ మూత తీసి రుచి చూస్తే నాకు చెప్పు, వాడి సంగతి చూస్తాను.

నా సూది పోయిందిరా. సోవియట్ వాళ్ళ డ్రాయింగులు పెట్టుకుని మనం చేసిన పాత బండికి రెక్కల మీద గుడ్డ కుట్టింది మేమే కదా. ఇప్పుడు మనవాళ్ళు సొంతంగా గీసిన ఈ కొత్త శిక్షణ విమానానికి అంతా రేకే. గుడ్డ లేదు, సూది లేదు. మా జట్టు ఆడవాళ్ళందరినీ తోక విభాగంలో వేసి చేతికి రివెట్టు తుపాకులిచ్చారు. ఆ మోతకి చెవులు దిబ్బళ్ళు పడుతున్నాయి. మా హూ లామెయ్ మొదటిరోజు ఇంటికెళ్ళి మామూలుగానే మాట్లాడుతున్నాననుకుని గావుకేకలు పెడితే, ఆమె మొగుడు ఏ తప్పు చేశాడో తెలియకపోయినా ముందు క్షమాపణ చెప్పేశాడట.

పంట గింజలు తినేస్తున్నాయని మొన్న పిచ్చుకల మీద దండయాత్ర జరిగింది. మీ ఊళ్ళోనూ జరిగే ఉంటుంది. ఊరంతా మేడలెక్కి పళ్ళేలు వాయించాం. వాలనివ్వకపోతే అవే అలిసి పడతాయని చెప్పారు. ఒకటి వచ్చి నా కాళ్ళ దగ్గరే పడింది. అందరూ చూస్తున్నారు కాబట్టి నేను పళ్ళెం వాయిస్తూనే ఉన్నాను. కానీ అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. గాల్లో ఉన్నదేదైనా సరే, దిగడానికి గట్టి చోటు కావాలిరా.

నువ్వు పిల్లలకి పాత బండి మీద నేర్పే రోజుల్లో, ప్రతివాడూ తోకని నేలకేసి బాదుతున్నాడని రాసేవాడివి. ఆ విరిగిన తోకలన్నీ చివరికి మా దగ్గరికే వచ్చేవి. ఈసారి తోక మా చేతుల్లో ఉంది. మా ఆడవాళ్ళం కూర్చుని ఒకటి అనుకున్నాం. అదేమిటో చెప్పను. అక్టోబరు జాతీయ పండగకి దేశానికి కానుక అని మా కర్మాగారం పార్టీ కార్యదర్శి జూ గారు తెగ మురిసిపోయారు. దేశానికి ఏమో గానీ నేను మాత్రం నీ కోసమే చేస్తున్నాను.

అన్నం మానకు.

నీ అక్క
గుయ్‌జెన్

*

షెన్యాంగ్
ఆగస్టు మొదటి వారం

అక్కా,

ఎగిరింది!

ఈ మాట ముందు రాసేశాను, ఇక నిదానంగా రాస్తాను. నిన్న పొద్దున ఎగరేశాను. నేలని విడిచిన సంగతి నాకే తెలియలేదు, అంత మెత్తగా లేచింది. దిగాక మెకానిక్కులు నన్ను ఎత్తుకుని ఊరేగించబోయి గడ్డిలో పడేశారు. నిన్నంతా నాకు దెబ్బ తగిలింది అక్కడొక్కచోటే.

ఇందులో అన్నిటికంటే గొప్ప సంగతి మూడో చక్రం. పాత బండికి అది తోక కింద ఉండేది కదా. నేలమీద నడుపుతుంటే ముక్కు పైకి లేచి ఆకాశం తప్ప ఏమీ కనపడేది కాదు. తాగినవాడిలా అటూ ఇటూ వంకర్లు తిప్పుతూ, పక్కనుంచి తొంగిచూస్తూ పోవాల్సి వచ్చేది. దీనికి చక్రం ముక్కు కింద ఉంది. దారి మొత్తం కళ్ళముందు ఉంటుంది. ఇక నీ తోకని నేలకేసి బాదే వెధవ పుట్టబోడు. నిశ్చింతగా ఉండు.

దీన్ని గీసినవాళ్ళలో లూ మిన్‌హువా అని ఒక ఇంజనీరు ఉంది. తోక లెక్కలన్నీ ఆమెవే. రెండు జడలు, నోట్లో ఎప్పుడూ ఒక పెన్సిలు. పెన్సిళ్ళ ఖర్చులో సగం ఆమె నమిలిందే అని ఆఫీసులో నవ్వుకుంటారు. నువ్వు వెంటనే ఆ పిల్లది ఏ ఊరు, ఎవరి అమ్మాయి అని మొదలుపెడతావని తెలుసు. మొదలుపెట్టకు. ఆమె నన్ను ఒక తూకపు రాయిలా చూస్తుంది తప్ప ఇంకేం లేదు. నీ బరువెంత, చెప్పులతో కలిపి చెప్పు, పొద్దున ఏం తిన్నావు, ఇవే మా కబుర్లు.

బిగించాక బండిని తూకం వేస్తే తోక వైపు బరువు ఎక్కువని తేలింది. పండగ తరుముకొస్తోంది కాబట్టి పైవాళ్ళు ముక్కులో సీసం దిమ్మలు బిగించి కావడి సరిచేశారు. లూ మాత్రం, "బరువు యాణ్ణుంచి వచ్చిందో తెలుసుకోకుండా ఇంకో బరువేసి సరిచేస్తే ఎట్లా?" అని అడ్డం పడింది. ఎవరూ వినలేదు. మీ విభాగానికి ఏదో ఉత్తరం కూడా రాసిందట.

ఇక మిగిలింది సుడి పరీక్ష. గాల్లో వేగం బాగా తగ్గితే ఒక రెక్క వాలిపోయి విమానం గిరగిరా తిరుగుతూ కిందికి పడుతుంది. దాన్నే సుడి అంటాం. తిరిగే వైపుకి ఎదురుగా కాలితో చుక్కాని తొక్కి, చేతిలోని నడిపే కర్ర ముందుకి తోస్తే తిరగడం ఆగాలి. నేర్చుకునే పిల్లలు పొరపాటున అందులో పడక మానరు కాబట్టి, సుడిలోంచి బయటికి రాని విమానాన్ని బడికి ఇవ్వరు. అది నేను చేసి చూపించాలి. పాత బండి మీద వందసార్లు చేసిన పనే.

ఇక్కడ జొన్నన్నం తినలేక చస్తున్నాను. నీ ముల్లంగి లేకపోతే ఎప్పుడో దక్షిణానికి పారిపోయి వచ్చేవాడిని. లావ్ పాన్ మూత తీశాడక్కా. వాడి మూతి వాచిపోయి ఉంది.

నీ తమ్ముడు

*

నాన్‌చాంగ్
ఆగస్టు చివర

ఒరే రాయీ,

నీ ఉత్తరం మా జట్టు మొత్తానికి చదివి వినిపించాను. ఎగిరింది అనగానే హూ లామెయ్ ఏడ్చేసింది. తర్వాత, చెమట కళ్ళల్లోకి పోయిందని బుకాయించింది.

ఇక్కడి వార్త విను. మాకు ఎర్రజెండా వచ్చింది! మొత్తం కర్మాగారంలో అందరికంటే మంచి కానుక ఇచ్చింది మా తోక విభాగమేనని కార్యదర్శి జూ గారు తన చేత్తో గోడకి తగిలించారు. ఫొటో తీశారు. నేను కళ్ళు మూసుకున్నాను, లామెయ్ నోరు తెరిచింది, అయినా బాగానే వచ్చిందంటున్నారు.

ఇప్పటికీ చెప్పను అదేమిటో. కానీ చక్రం ముక్కు కిందకి మారిందని నువ్వు రాశాక నాకు కొంచెం నవ్వొచ్చింది. మేం చేసింది ఆ బాదుడు కోసమేలే. పోనీ, బలం ఎక్కువైతే ఎవరికి నష్టం? చలికాలంలో కోటు లోపల ఇంకో కోటు తొడుక్కుంటే ఎవరైనా తిడతారా?

మీ పెన్సిళ్ళమ్మాయి ఉత్తరం వచ్చింది. తోక డ్రాయింగుకి తేడాగా ఏమైనా ఉందా, రాయమని అడిగింది. కాస్త కోపం వచ్చిందిరా. పాత బండికి సోవియట్ ఆయన వచ్చి ప్రతి కుట్టూ లెక్కపెట్టేవాడు. ఒకటి తక్కువైతే రెక్క మొత్తం విప్పించేవాడు. తేడా అంటే మాకు ఎప్పుడూ అదే. ఇన్నేళ్ళలో మా జట్టు మీద ఒక్క మాట లేదు. జూ గారు కూడా, "రాయండమ్మా, మనమేమన్నా దొంగలమా" అన్నారు. అందరం కూర్చుని, డ్రాయింగులో ఉన్నదానికి ఒక్క రివెట్టు కూడా తక్కువ లేదని రాసి సంతకాలు పెట్టి పంపాం. నిజం మాటే కదా.

అయినా ఆ పిల్ల ఏ ఊరు?

సుడి సంగతి రాశావు, చదివినప్పటి నుంచి చేతిలో ఉన్నవి కింద పడేస్తున్నాను. అయిపోయిన వెంటనే రాయి. ఒక్క ముక్క చాలు.

గుయ్‌జెన్

*

షెన్యాంగ్
సెప్టెంబరు మొదట్లో

అక్కా,

నేను బాగున్నాను. సుడి పరీక్ష మొదలుపెట్టాం. అంతా బాగానే ఉంది.

ఇక్కడ వాతావరణం చాలా బాగుంది. ఎండ తగ్గింది. పొద్దున్నే కాస్త మంచు పడుతోంది. ఉత్తరపు గాలి మొదలైంది. మబ్బులు పలచగా, ఎత్తుగా ఉన్నాయి. మొన్న చిన్న వాన పడింది కానీ దుమ్ము అణగడానికే తప్ప ఎక్కువ లేదు.

మా ఆఫీసు గోడల మీద లూ గురించి పెద్ద పెద్ద అక్షరాలతో కాగితాలు అంటించారు. సొంత పేరు కోసం తప్పుడు లెక్కలు కట్టిందని రాశారు. ఆమె తల వంచుకుని ఆ లెక్కలే మళ్ళీ కడుతోంది. పెన్సిలు కూడా నమలడం లేదు.

పని ఉంది. ఉంటాను.

నీ తమ్ముడు

*

నాన్‌చాంగ్
సెప్టెంబరు, ఉత్తరం అందిన రోజే

రాయీ,

నువ్వు వాతావరణం గురించి రాశావు.

నీకు ఏడేళ్ళప్పుడు పోయాంగ్ సరస్సులో మునిగిపోబోయి, చేపలవాళ్ళు పైకి లాగితే, తడి చొక్కాతో ఇంటికొచ్చి నా ముందు నిలబడి, "అక్కా, ఇయాల గాలి బలే చల్లగా ఉంది" అన్నావు. వడ్లు అమ్మిన డబ్బులు పారేసుకున్నప్పుడు మబ్బులు పట్టాయన్నావు. అమ్మకి ఇక నయం కాదని డాక్టరు నీతో చెప్పిన రోజు, నువ్వు నాతో వానల గురించి మాట్లాడావు. నిన్ను పెంచినదాన్నిరా నేను.

పైగా రాత చూడు. అక్షరాలన్నీ ఎడమ పక్కకి వాలిపోయాయి. నీ కుడిచేతికి ఏమైంది? లావ్ పాన్‌ని నిలదీశాను. ముందు నాకేం తెలియదన్నాడు. ఈసారి ఊరగాయ జాడీ ఖాళీగా పంపుతానని బెదిరిస్తే, మైదానంలో ఆస్పత్రి బండి రోజూ ఇంజను ఆపకుండా నిలబడి ఉంటోందని చెప్పాడు. ఇంకేం తెలియదట. రెండు అడుగులు వేసి వెనక్కి వచ్చి, "మీవాడు గట్టోడులేమ్మా" అన్నాడు. ఎవరైనా అలా అంటే ఎలా ఉంటుందో ఆలోచించు.

సుడి అన్న మాట చదివినప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. దేశానికి ఉక్కు చేస్తామని వీధి చివర పెట్టిన కొలిమికి ఇనుము కావాలని వచ్చినవాళ్ళకి అన్నం వండే బాణలి ఎత్తి ఇచ్చేశాను. తర్వాత పొయ్యి ముందు కూర్చుని దేంట్లో వండాలా అని చూశాను.

నిజం రాయి. నన్ను కాపాడుతున్నానని అనుకుంటున్నావేమో. అది నా పని, నీది కాదు.

అక్క

*

షెన్యాంగ్
సెప్టెంబరు మూడో వారం

అక్కా,

సరే. రాస్తాను. కూర్చుని చదువు.

మొదటిసారి సుడిలో పెట్టాను. మామూలుగానే తిరిగింది. ఎదురు చుక్కాని తొక్కాను, కర్ర తోశాను. ఆగలేదు. ముక్కు కిందికి ఉండాల్సింది మెల్లగా పైకి లేచి, బండి చదునుగా పడుకుని పళ్ళెంలా తిరగడం మొదలుపెట్టింది. అక్కా, నేను తొక్కిన చుక్కాని బరువే లేకుండా వేలాడింది. గాజు మూత వెనక్కి లాగి ఒక కాలు బయట పెట్టాను కూడా. దూకితే విమానం పోతుంది. మన దగ్గర ఉన్నది ఇదొక్కటే. ఏమనిపించిందో, మళ్ళీ కూర్చుని ఇంజను పూర్తిగా ఎగదోసి, కర్రని వెనక్కీ ముందుకీ ఊపాను. పిచ్చివాడిలా ఊపాను. నేలమీద మేకల్ని కాసేవాడి టోపీ రంగు కనపడేంత కిందికి వచ్చాక ఆగింది. కర్ర ఊపడంలోనే మణికట్టు బెణికింది. అందుకే ఎడమ చేత్తో రాశాను. రెండోసారీ అంతే జరిగింది.

నాకు భయంగా ఉంది. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. విమానం నాకు మొండికెత్తిన దున్నలా కనిపించడం లేదు, అదే విచిత్రం. అది మంచి బండి. దానికేదో అయింది.

లూ కూడా అదే మాట అంటోంది. నిన్న మైదానం అంచున నన్ను ఆపి, "నా లెక్కలో ఉన్న విమానం బయటికి రావాల. నువ్వు నడిపేది ఆ విమానం కాదనిపిస్తాంది" అంది. ఆమె చెప్పిన పోలిక ఇది: ఖాళీ కావడి బద్ద భుజాన పెట్టుకుని సందులో గిర్రున తిరిగితే ఆపడం తేలిక. రెండు బుట్టలూ నిండుగా ఉంటే మనిషి ఆగినా బుట్టలు ఆగవు, మనిషినే తిప్పుతాయి. రెండు వైపులా సమానంగా ఉన్నా అంతే. తోక చివర ఏదో బరువుంది, దాన్ని సరిచేయడానికి ముక్కు చివర సీసం పెట్టారు, ఇప్పుడు రెండు బుట్టలూ నిండాయి అని ఆమె వాదన. "మరి తోకలో బరువేంటిది?" అన్నాను. "ఏమీ లేదని నాన్‌చాంగ్ వాళ్ళు సంతకాలు పెట్టి రాశారుగా. వాళ్ళు అబద్ధమాడరు. అంటే నా లెక్కే తప్పు" అంది.

పండగలోపు ఇంకొక్క పరీక్ష అని పైవాళ్ళు తేల్చారు. శరత్ పున్నమి మర్నాడు. సుడిలోంచి వస్తే అందరూ బతికినట్టు. రాకపోతే ఈ బండిని పక్కన పడేసి మళ్ళీ సోవియట్ బండికి నకళ్ళు చేసుకుంటారు, లూని శిక్షగా ఏదో పొలం పనికి పంపుతారు. నేను ఎక్కను అంటే ఎక్కకముందే అది జరిగిపోతుంది. అందుకని ఎక్కుతున్నాను.

నీకు అబద్ధం రాయలేదు ఈసారి. చూడు, వాతావరణం ఒక్క ముక్క లేదు.

నీ రాయి

*

నాన్‌చాంగ్
శరత్ పున్నమి

రాయీ,

నేను పంపించిన వైరు, ఆ టెలిగ్రాం, అందిందా? అందితేనే నువ్వు ఇది చదువుతావు. అందకపోతే ఈ కాగితం ఎవరు విప్పుతారో నాకు తెలియదు. అయినా రాస్తున్నాను, చేతులు ఊరికే ఉంటే పిచ్చెక్కుతుంది.

ఆ బరువు నేనే.

డ్రాయింగులో తోక లోపలి పట్టీకి ఒక రేకు ఉంది. మేం రెండు వేశాం. ప్రతి పట్టీకీ. మూలల్లో రివెట్లు రెండు వరసలు కొట్టాం. పనివేళ అయ్యాక, కూలి అడగకుండా, పాటలు పాడుకుంటూ కొట్టాం. అదే కానుక. పిల్లలు ఎంత బాదినా విరగకూడదని. ఆ పిచ్చుక పడిన రోజు నేనే ఆ మాట ఎత్తాను, తక్కినవాళ్ళు సరేనన్నారు. మీ లూ తేడా ఏమైనా ఉందా అని అడిగితే, తక్కువేం లేదని రాశాం. ఎక్కువ అనేది కూడా తేడాయే అని మా ఇరవైమందిలో ఒక్కదానికీ తట్టలేదురా. ఎక్కువ చేసినందుకు మమ్మల్ని ఇన్నేళ్ళలో ఎవరైనా తిట్టారా, జెండాలు ఇచ్చారు గానీ.

నీ ఉత్తరంలో కావడి దగ్గరికి వచ్చేసరికి కాగితం కనపడలేదు. అలాగే పరిగెత్తి జూ గారి గదికి పోయాను.

"షెన్యాంగ్‌కి వైరు పంపాలండీ, ఇప్పుడే."

"ఏమని?"

"తోకలో లెక్కలో లేని రేకు ఉంది, విప్పేదాకా ఎగరొద్దని."

ఆయన నవ్వారు ముందు. తర్వాత లేచి తలుపు వేశారు. "అది కానుక కదమ్మా గుయ్‌జెన్. గోడ మీద జెండా ఉంది. పేపరోళ్ళు ఫొటో పట్టుకుపోయారు. పండగ కానీ, నెమ్మదిగా రాద్దాం."

"పండగకి నా తమ్ముడు ఉండడండీ."

"ఇరవైమంది చేశారు. నువ్వొక్కదానివి నోరు తెరిస్తే అందరి మెడకీ చుట్టుకుంటది. విధ్వంసం అంటారు తెలుసా? ఆ మాటకి అర్థం తెలుసా నీకు?"

"నా పేరొక్కటే రాయండి. రేకు వేద్దామన్నది నేను."

ఆయన కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. నేను ఆయన బల్ల ముందు నేలమీద కూర్చున్నాను. లేవమన్నారు, లేవలేదు. కాసేపటికి తలుపు బద్దలయ్యేటట్టు తోసుకుని హూ లామెయ్ వచ్చింది. అంతకుముందే నడవలో సంగతి చెప్పినప్పుడు నన్ను పట్టుకుని, "నీ తమ్ముడిదొక్కటేనా ప్రాణం? మా పిల్లలు బతకొద్దా?" అని దులిపేసింది. మళ్ళీ తిట్టడానికి వచ్చిందనుకున్నాను. ఆమె వచ్చి నా పక్కన కూలబడింది. "నా పేరు కూడా రాయండి. ఎగరేసేది ఎవరి తమ్ముడైతే ఏంటి. ఇంట్లో అరవడం అలవాటైంది, ఇక్కడ కూడా కాసేపు అరుస్తా" అని నిజంగానే అందుకుంది. రివెట్టు తుపాకీ మోతకి అలవాటుపడ్డ గొంతు అది. మేడ మీదవాళ్ళు కూడా దిగి వచ్చారు. జూ గారు మంచాన పడ్డ మనిషిలా అయిపోయి కలం తీశారు.

వైరు వెళ్ళింది. కళ్ళారా చూశాను. కానీ అక్కడ ఎవరి చేతికి అందుతుంది, ఎప్పుడు అందుతుంది, ఎవరు చదువుతారు? ఈ పున్నమి పండగ హడావుడిలో ఏ గుమాస్తా బల్ల మీదో పడి ఉంటే? చంద్రుడి రొట్టె కొన్నాను, నీ వాటా తీసిపెట్టాను. కొరకడానికి మనసు రావడం లేదు.

నిన్ను గట్టి చోట దింపాలనే చేశాను. ఇంకేం రాయను.

అక్క

*

షెన్యాంగ్
అక్టోబరు, పండగ అయ్యాక

అక్కా,

రొట్టె తిను. నేనున్నాను.

ఆ పొద్దున బండి ఎక్కి ఇంజను వేశాను. పట్టీలు బిగించుకున్నాను. చక్రాలు కదిలాయి. దారి మధ్యలో ఎవరో అడ్డంగా పరిగెత్తుకొస్తున్నారు. రెండు జడలు ఎగురుతున్నాయి, చేతిలో కాగితం. లూ వచ్చి తిరుగుతున్న పంకాకి ఎదురుగా రెండు చేతులూ చాపి నిలబడింది. బ్రేకులు తొక్కేశాను.

అక్కా, ఒక్కటి ఆలోచించు. అది పాత బండి అయితే ముక్కు పైకి లేచి ఉండేది. ఎదురుగా ఉన్న మనిషి నాకు కనిపించేదే కాదు. నీ వైరుని కూడా తొక్కుకుంటూ పోయేవాడిని, ఆమెతో సహా.

తోక విప్పారు. లైటు పట్టుకుని నేనే లోపలికి తొంగిచూశాను. రేకు మీద రేకు, మూలల్లో రెండు వరసలు. నా చిన్నప్పటి దూది కోటు మోచేతుల దగ్గర నువ్వు వేసిన కుట్టు ఎలా ఉండేదో అలాగే ఉంది. ఇంక నాకు సంతకాలు చూపించక్కర్లేదు. ఒక రేకు మీద ఎర్రరంగుతో ఎవరో "క్షేమంగా దిగు" అని రాశారు. లూ అది చదివి, ఆ అక్షరాల వెంట వేలు పోనిచ్చింది. తర్వాత, "ఇది కూడా డ్రాయింగులో లేదు" అని అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

రెండో రేకులన్నీ తీసేశారు. ముక్కులో సీసం తీసేశారు. రెండు బుట్టలూ ఖాళీ. మళ్ళీ పైకి తీసుకెళ్ళాను. సుడిలో పెట్టాను. తొక్కాను, తోశాను. అక్కా, కుక్కపిల్లని పిలిస్తే వచ్చినట్టు వచ్చేసింది! ముక్కు దించి, తిన్నగా, అంత సులువుగా. ఒకసారి నమ్మలేక మళ్ళీ పెట్టాను. మళ్ళీ వచ్చింది. గాల్లో ఒక్కడినే నీ పేరు పెట్టి అరిచాను. ఇంకెన్నిసార్లు చేశానో అడక్కు, దిగాక అందరూ తిట్టారు.

గోడల మీది కాగితాలు ఎవరూ తీయలేదు, వానకి అవే ఊడిపోయాయి. లూ మళ్ళీ పెన్సిళ్ళు నములుతోంది. ఆమెది వూషీ. అడుగుతావని రాశాను, ఇంకేం అర్థాలు తీయకు.

ఇకపై రోజూ సుడి పరీక్షలే, చలికాలం అంతా. నాకు భయం లేదు. కానీ నీ గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. అక్కడ నిన్నేం చేశారు? వాతావరణం గురించి మాత్రం రాయకు.

నీ రాయి

*

నాన్‌చాంగ్
నవంబరు

ఒరే రాయీ,

వానలేమీ లేవు, ఎండలూ లేవు. ఉన్నమాటే రాస్తున్నాను.

జెండా తీసేశారు. ఆ చోట గోడ తెల్లగా మిగిలింది. సభ పెట్టారు. నన్ను నిలబెట్టి చాలా అన్నారు, కొన్ని నిజమే. లామెయ్ నా పక్కనే నిలబడింది, ఆమె జీతం కోశారు. కొందరు ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. వాళ్ళ కోపం వాళ్ళది. అంత ప్రేమతో కొట్టిన రివెట్లన్నీ పీకేశారంటే ఎవరికైనా మండుతుంది. నాకూ మండుతుంది.

నన్ను తోక విభాగం నుంచి తీసేశారు. పారాచూట్ల దగ్గర వేశారు. మళ్ళీ నా సూది నాకు వచ్చింది. మనిషిని పట్టి ఉంచే పట్టీలు కుడుతున్నాను. అవి మీ మైదానానికే వస్తాయని లావ్ పాన్ చెప్పాడు. నువ్వు ఈ చలికాలమంతా కట్టుకునేది వాటినే.

నిన్న మొదటి పట్టీ పూర్తి చేశాను. డ్రాయింగులో కుట్టు రెండు వరసలు. మూలలో కాస్త పలచగా అనిపించింది. నీ భుజం మీదికి వచ్చే చోటు అది. సూదిలో ఇంకా దారం ఉంది. ఎవరూ చూడటం లేదు కూడా.

రెండు వరసలే వేశానురా. దారం తెంచి సూది పక్కన పెట్టాను. ఆ చేతిని అక్కడి నుంచి తీయడానికి ఎంతసేపు పట్టిందో నీకు చెప్పను.

నీ అక్క
గుయ్‌జెన్